పంతం కట్టాక వెనక్కి దారేది? పల్నాడు, బొబ్బిలి కథల్లో పరువు, పగ, విశ్వాసం

క్లుప్తంగా: పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం నాటిది, బొబ్బిలి యుద్ధం 1757 నాటిది. ఈ రెండు కథల్లోనూ గొడవ మొదలైన కారణం చిన్నది, అది ఆగకపోవడానికి కారణం పెద్దది. ఇచ్చిన మాటను అమలు చేయించే మూడో మనిషి లేనప్పుడు పరువే పూచీగా నిలబడాల్సి వచ్చింది. అలా నిలబడిన పరువు ఎవరినీ ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యనివ్వలేదు. తిన్న ఉప్పుకు కట్టుబడినవాళ్ళు ఆ పంతానికి ప్రాణాలిచ్చారు. రెండు చోట్లా చివరికి లాభపడింది పోరాడిన వాళ్ళు కాదు, బయటివాళ్ళు.

వాదన ఎక్కడ మొదలవుతుంది

ప్రతి ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజుల పాటు పల్నాడు జిల్లా కారెంపూడిలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. నాగులేటి ఒడ్డున వీరుల గుడి దగ్గరికి కొణతాలు (వీరుల ఆయుధాలు) మోసుకుంటూ వందల ఏళ్ళుగా జనం వస్తున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే సోషల్ మీడియాలో పాత వాదన మళ్ళీ మొదలవుతుంది. తప్పు బ్రహ్మనాయుడిదా, నాగమ్మదా? బాలచంద్రుడిది వీరత్వమా, తొందరపాటా? బొబ్బిలి కథకీ ఇదే గతి. తాండ్ర పాపారాయుడు మా వాడంటే మా వాడని కులాల వారీగా పోస్టులు పెట్టుకుంటారు.

మనవాడెవడు, పరాయివాడెవడు అని వెతికితే ఈ కథలు అర్థం కావు. పల్నాట రెండు పక్షాలదీ ఒకే ఇల్లు. అనుగురాజుకు ఒక భార్య వల్ల పుట్టినవాడు నలగామరాజు, మరో భార్య వల్ల పుట్టినవాడు మలిదేవుడు. నలగాముడు గురజాలలో ఉన్నాడు, అతని మంత్రి నాగమ్మ. మలిదేవుడు మాచర్లలో ఉన్నాడు, అతని మంత్రి బ్రహ్మనాయుడు. రెండు ఊళ్ళకీ రాకపోకలున్నాయి, ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయి. ఇంత దగ్గరి వాళ్ళు ఎందుకు ఆగలేకపోయారన్నదే అసలు ప్రశ్న.

ఒక జాగ్రత్త అవసరం. పల్నాటి కథ మనకు ఎక్కువగా అందింది పాట ద్వారా. వీరవిద్యావంతులనే గాయకులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. శ్రీనాథుడిదిగా చెప్పే మంజరీ ద్విపద కావ్యం కూడా యుద్ధం జరిగిన రెండు శతాబ్దాల తరవాతిది. ఆ కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. బొబ్బిలి సంగతి వేరు. జంగాలు పాడిన కథతో పాటు, ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ దాదాపు ఆ కాలంలోనే రాసిన వివరం ఉంది. కాబట్టి పల్నాటి సంఘటనల్లో ఏది ఎంతవరకు జరిగిందో తేల్చడం కంటే, ఆ సమాజం దేన్ని పరువుగా ఎంచుకుని పాడుకుందో చూడటమే ఎక్కువ ఉపయోగం.

పందెం ఒక ఒప్పందం

కోడిపందెం వల్ల రాజ్యం పోయిందంటే ఇప్పటి పాఠకుడికి నమ్మబుద్ధి కాదు. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు శివంగి డేగ. ఓడిన పక్షం ఏడేళ్ళు రాజ్యం వదిలి వెళ్ళాలి. నాగమ్మ మోసం చేసి గెలిచిందని మాచర్ల పక్షం పాట చెబుతుంది. ఓడిన మలిదేవుడు తన వాళ్ళతో, ఆలమందలతో వలస వెళ్ళాడు.

దీన్ని జూదంగా కంటే ఒప్పందంగా చూస్తే విషయం తేటపడుతుంది. అప్పటికి పల్నాటి పంపకం ఎటూ తేలని తగాదా. ఇద్దరినీ కూర్చోబెట్టి తీర్పు చెప్పి, దాన్ని అమలు చేయించే పెద్ద ఎవరూ లేరు. పేరుకు పైన వెలనాటి చోళులు ఉన్నా, అప్పటికే వాళ్ళ పట్టు సడలుతోంది. అలాంటప్పుడు నలుగురి ముందు కట్టిన పందెం ఒక్కటే రెండు పక్షాలూ ఒప్పుకోగలిగిన తీర్పు. దానికి స్టాంపు కాగితం లేదు, కోర్టు లేదు. ఉన్న పూచీ పరువు ఒక్కటే. మాట తప్పితే రేపు నీతో ఎవరూ పొత్తు కట్టరు, నీ సైన్యంలో ఎవరూ నిలబడరు. పరువు అంటే మనసులో ఉండే గర్వం మాత్రమే అనుకుంటాం గానీ, అలాంటి కాలంలో అది అప్పు పుట్టించే హామీ లాంటిది. పోగొట్టుకున్నవాడు నిజంగానే బతకలేడు.

మహాభారతంతో పోలిక ఇక్కడే కనిపిస్తుంది. అక్కడ పాచికలు, ఇక్కడ కోళ్ళు. అక్కడ పదమూడేళ్ళు, ఇక్కడ ఏడేళ్ళు. రెండు చోట్లా ఓడినవాళ్ళు షరతు పాటించారు, గెలిచినవాళ్ళు గడువు తీరాక రాజ్యం ఇవ్వలేదు. పాటలు పాడినవాళ్ళు భారతాన్ని చూసి పల్నాటి కథను మలిచారని అనేవాళ్ళున్నారు. కొంత మలిచే ఉంటారు. పోలిక కుదరడానికి ఇంకో కారణం కూడా ఉంది. అమలు చేయించేవాడు లేని ఒప్పందం ఎప్పుడైనా ఒకే చోట తెగుతుంది: నష్టపోయినవాడు తన వంతు చెల్లించేశాక, లాభపడినవాడు తన వంతు చెల్లించాల్సిన రోజున.

రాయబారి చనిపోయాక

గడువు తీరాక మలిదేవుడి పక్షం అలరాజును రాయబారానికి పంపింది. ఈ ఎంపికలో చాలా తెలివి ఉంది. అలరాజు నలగామరాజుకు స్వయానా అల్లుడు, కూతురు పేరిందేవి భర్త. రెండు ఇళ్ళకీ కావలసిన మనిషి. అతని మాట కాదన్నా అతని ప్రాణానికి ఢోకా ఉండదనే నమ్మకంతోనే పంపారు. రాయబారం చెడింది. తిరుగు దారిలో చర్లగుడిపాడులో అలరాజు విషప్రయోగంతో చనిపోయాడు. పేరిందేవి సహగమనం చేసింది.

పల్నాటి కథలో అసలు మలుపు కోడిపందెం కాదు, ఈ చావు. పందెం తరవాత కూడా రాజీకి వీలుంది. రాయబారిని చంపకూడదన్నది శత్రువులిద్దరూ ఒప్పుకున్న ఆఖరి నియమం. అది పోయాక, ఇంకో రాయబారిని పంపినా వాడి మాటకు విలువ లేదు. పైగా రెండు ఇళ్ళనూ కలిపే బంధుత్వం కూడా ఆ చితి మీదే కాలిపోయింది.

ఈ బరువు ఎంతో కారెంపూడిలో తెలిసింది. సైన్యాలు ఎదురెదురుగా దిగాక సంధి మాట మళ్ళీ వచ్చింది, పెద్దలు మొగ్గు చూపారు కూడా. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు ఒప్పుకోలేదు. తల్లి ఐతాంబ అతన్ని యుద్ధం సంగతి తెలియకుండా పెంచింది. బొంగరం ఆడుతుంటే అది ఒక స్త్రీ కాలికి తగిలి, ఆమె ఎత్తిపొడిచిన మాటతో అతనికి యుద్ధం సంగతి తెలిసింది. అలాంటి కుర్రవాడు పెద్దల సంధిని పిరికితనమనుకున్నాడు, పోరు మొదలుపెట్టాడు. పాట అతన్ని గుండెకు హత్తుకుంటుంది, తొందరపాటునూ దాచదు. బాలచంద్రుడు వీరుడా, యుద్ధానికి కారకుడా అని వాదించుకునేవాళ్ళకు పాటే జవాబిచ్చింది: రెండూ. ఇక్కడ పరువు తరం మారింది. పందెం కట్టినవాళ్ళకు దాన్ని ఎక్కడ వదలాలో తెలుసు. వారసత్వంగా అందుకున్నవాడికి అది పవిత్రమైన బాకీ. ఎక్కడైనా పగలు రెండో తరంలో ముదరడానికి ఇదే కారణం.

ఉప్పు ఋణం

పరువు యుద్ధాన్ని మొదలుపెట్టగలదు గానీ నడపలేదు. నడపడానికి పంతంతో సంబంధం లేని వేలమంది కావాలి. వాళ్ళను కట్టి ఉంచేది విశ్వాసం. మన వాడుకలో దాని పేరు ఉప్పు.

దీని గురించి భారతం చెప్పినంత నిక్కచ్చిగా మరేదీ చెప్పలేదు. యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు ఆయుధాలు వదిలి, నడిచి వెళ్ళి భీష్ముడికి నమస్కరిస్తాడు. అప్పుడు భీష్ముడు ధర్మం గురించి మాట్లాడడు. మనిషి డబ్బుకు దాసుడు, డబ్బు ఎవరికీ దాసి కాదు, కౌరవుల సొమ్ము నన్ను కట్టేసిందని ఒప్పుకుంటాడు. ద్రోణుడు, కృపుడు, శల్యుడు కూడా అదే మాట అంటారు. న్యాయం అటుపక్క ఉందని తెలిసీ ఇటుపక్క నిలబడటం వాళ్ళ స్థితి. కర్ణుడిది ఇంకా లోతైన ముడి. నువ్వు పాండవుల అన్నవని కృష్ణుడు చెప్పినా అతను కదలలేదు. అందరూ కులం అడిగిన రోజున దుర్యోధనుడు ఒక్కడే చెయ్యి పట్టుకున్నాడు. తనకు గౌరవమిచ్చిన చేతిని వదిలేస్తే, ఆ గౌరవమే అబద్ధమైపోతుంది.

రాయలసీమలో, పల్నాడులో ఫ్యాక్షన్ నడిచిన ఊళ్ళను గమనించినవాళ్ళకు ఈ లెక్క కొత్త కాదు. కేసు పడితే లాయరు ఖర్చు నాయకుడు భరిస్తాడు, జైలుకి వెళ్తే ఇల్లు గడిపిస్తాడు. దానికి బదులుగా అనుచరుడు తనకు పట్టని పగను తన పగ చేసుకుంటాడు. బయటినుంచి చూస్తే మూర్ఖత్వం. లోపలినుంచి చూస్తే అతనికి ఉన్న ఇన్సూరెన్స్ అదొక్కటే. ఆ అవసరం తీర్చే వేరే దారి దొరికిన చోట ఆ కట్టు దానంతటదే వదులవుతుంది.

అయితే పల్నాటి కథలో ఉప్పుకు మరో రూపం కూడా ఉంది, అదే ఈ కథకు ప్రాణం. బ్రహ్మనాయుడు మాల కులస్థుడైన కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనాధిపతిని చేశాడు. అన్ని కులాల వాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టాడు. చాపకూడు అంటే అదే. బాలచంద్రుడి వెంట నడిచిన కుర్రవాళ్ళు కూడా వేర్వేరు కులాల వాళ్ళే. రాజు ఇచ్చే సొమ్ము వల్ల పుట్టే విశ్వాసం పైనుంచి కిందికి దిగుతుంది. కలిసి తిన్న కూటి వల్ల పుట్టేది పక్కవాడికి పక్కవాడు ఇచ్చుకునేది. 12వ శతాబ్దంలో అది ఎంతవరకు నడిచిందో గానీ, దాన్ని పాటలో దాచుకుని ఇన్ని వందల ఏళ్ళు పాడినవాళ్ళు దళిత గాయకులు కావడం మామూలు విషయం కాదు. మందపోరు రోజున కారెంపూడిలో ఇప్పటికీ చాపకూడు పెడతారు.

బొబ్బిలిలో ఏం జరిగింది

1753లో నిజాం సలాబత్ జంగ్ తీరాంధ్ర ప్రాంతాలైన ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్ళకు ఇచ్చాడు. శిస్తు వసూలుకు సేనాని బుస్సీ 1756 చివర్లో వచ్చాడు. విజయనగరం పూసపాటి విజయరామరాజు అతని పక్షాన చేరాడు. విజయనగరానికీ బొబ్బిలికీ పొలాల నీళ్ళ మీద, సరిహద్దుల మీద పాత తగాదాలున్నాయి. ఫిరంగులు చేతికి అందేసరికి వాటిని తేల్చుకునే అవకాశం వచ్చింది.

మొదట బుస్సీ కోట కూలుస్తాననలేదు. బొబ్బిలి వదిలితే అంతే విలువైన భూములు మరోచోట ఇస్తానన్నాడు. ఫ్రెంచి సేనాని లెక్కలో ఇది సరైన బేరం. ఇంత శిస్తు వచ్చే భూమికి అంత శిస్తు వచ్చే భూమి. బొబ్బిలి దొర రంగారావుకు అది చావు కంటే హీనం. ఆయన దృష్టిలో బొబ్బిలి ఆదాయం కాదు, పేరు. తాతలు కట్టిన కోటను శత్రువు చెబితే ఖాళీ చేసినవాడు రేపు ఏ నేలకు దొర అయినా, ఎవరూ దొర అనరు. దారిలో బుస్సీ సిపాయిల దళం మీద జరిగిన దాడి నేరం కూడా బొబ్బిలి మీదే పడింది. అది విజయనగరం పన్నాగమేనని అనుమానం. నిజం ఏదైనా, రాజీకి దారి మూసుకుపోయింది.

1757 జనవరి 24న కోట మీద దాడి జరిగింది. నిలవడం కష్టమని తెలిశాక, లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళనూ పిల్లలనూ తామే చంపుకున్నారు. తరవాత చివరి మనిషి వరకు పోరాడారు. రంగారావు పడిపోయాడు. కథల్లో రాణి మల్లమ్మదేవి సోదరుడైన తాండ్ర పాపారాయుడు ఆ సమయంలో రాజాంలో ఉన్నాడు. అతను చేరుకునేసరికి కోట బూడిద. కొద్ది రోజుల్లోనే రాత్రివేళ గుడారంలోకి దూరి విజయరామరాజును పొడిచి చంపాడు, తనూ ప్రాణం విడిచాడు.

పాపారాయుడి పగ వల్ల బొబ్బిలికి ఒక్క గజం నేల తిరిగి రాలేదు. కాపాడాల్సిన దొర లేడు, చెల్లెలు లేదు, కోట లేదు. లాభనష్టాలు చూసేవాడికి ఇది అర్థం కాదు. ఋణం లెక్కలో మాత్రం అర్థమవుతుంది. ఉప్పు పెట్టినవాడు పోయినంత మాత్రాన బాకీ పోదు. పైగా యుద్ధానికి అందుకోలేకపోయినవాడి బాకీ ఇంకా పెద్దది.

లాభం ఎవరికి దక్కింది

పల్నాట గెలిచినవాడంటూ లేడు. బాలచంద్రుడు పోయాడు, కన్నమదాసు పోయాడు. బ్రహ్మనాయుడు మిగిలిన రాజ్యాన్ని నలగాముడికే వదిలి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని చెబుతారు. చుట్టుపక్కల సామంతులంతా ఏదో ఒక పక్షాన దిగి చితికిపోయారు. వెలనాటి చోళుల బలం కూడా ఆ దెబ్బతో తగ్గిందని చరిత్రకారుల అంచనా. 13వ శతాబ్దం మొదటికల్లా కాకతి గణపతిదేవుడు వెలనాడు, కృష్ణా తీరం స్వాధీనం చేసుకున్నాడు.

బొబ్బిలి తరవాతి గొలుసు ఇంకా స్పష్టంగా ఉంది. విజయరామరాజు చావుతో గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివాళ్ళతో చెడింది. 1758లో అతను ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి విశాఖపట్నాన్ని లాక్కుని ఇంగ్లిషువాళ్ళను పిలిచాడు. బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్ సైన్యంతో దిగాడు. అదే ఏడాది డిసెంబర్‌లో చందుర్తి యుద్ధం, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పతనం. 1765లో మొఘల్ ఫర్మానాతో ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కాయి. 1794 జూలై 10న, పేష్కష్ (కప్పం) బాకీ పేరుతో వచ్చిన అదే కంపెనీ సైన్యం పద్మనాభం దగ్గర విజయనగరం రాజును చంపింది. నీళ్ళ తగాదాకు ఫిరంగి తెచ్చుకున్న ఇంటికి, 37 ఏళ్ళకు ఫిరంగి ఎదురు తిరిగింది.

ఇంట్లోకి వచ్చిన పరువు

ఈ కథల్లో పరువు కట్టేది మగవాళ్ళు, చెల్లించేది చాలాసార్లు ఆడవాళ్ళు. పేరిందేవిని తండ్రి పక్షం విధవను చేసింది. బాలచంద్రుడి భార్య మాంచాల భర్తను యుద్ధానికి సాగనంపాల్సి వచ్చింది. బొబ్బిలి కోటలోని స్త్రీలను, శత్రువు చేతికి చిక్కితే ఇంటి మానం పోతుందని సొంత వాళ్ళే చంపారు. ఆ చివరి సంఘటనను పాట విన్నప్పుడు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అందులో దాగిన లెక్కను మాత్రం విడిగా చూడాలి: ఇంటి గౌరవం ఆడదాని శరీరంలో ఉంటుంది, దాన్ని కాపాడటానికి ఆమెను చంపవచ్చు.

కోటలు పోయాయి, సైన్యాలు పోయాయి. మాట తప్పితే పొత్తు దొరకని రోజులు పోయాయి. ఇప్పుడు ఒప్పందం అమలు చేయించడానికి కోర్టు ఉంది, రిజిస్ట్రార్ ఆఫీసు ఉంది. పరువు చేసిన పాత పని ఇక లేదు. ఈ లెక్క ఒక్కటే మిగిలింది. తెలంగాణలో, ఆంధ్రలో కులాంతర పెళ్ళిళ్ళ మీద జరిగే హత్యలను పరువు హత్యలు అని పిలుస్తున్నాం గానీ, వాటికి పల్నాటి పౌరుషంతో పోలిక పెట్టడం తప్పు. అక్కడ బలవంతుడు బలవంతుడి ముందు మాట నిలబెట్టుకున్నాడు. ఇక్కడ పెంచినవాళ్ళే ఎదురు తిరగలేని పిల్లల మీద పడుతున్నారు. 2018 మార్చిలో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇష్టపడి పెళ్ళి చేసుకునే ఇద్దరు పెద్దవాళ్ళకు కుటుంబం, కులం అనుమతి అక్కర్లేదని స్పష్టం చేసింది. బెదిరింపులున్న జంటలకు రక్షణ, సేఫ్ హౌస్‌లు, పోలీసుల బాధ్యత గురించి ఆదేశాలిచ్చింది. నాగమ్మ మీద ఇన్నేళ్ళుగా పడుతున్న నింద కూడా ఇక్కడ గుర్తుకు రావాలి. ఎత్తులు రెండు పక్షాలూ వేశాయి. అధికారం చేపట్టిన ఆడది కాబట్టి ఆమె ఎత్తులనే మాయ అన్నారు.

మాట వినని విశ్వాసం

విశ్వాసమంటే చెప్పింది చెయ్యడమేనా? ఈ కథలు జాగ్రత్తగా వింటే వేరే జవాబు కూడా వినిపిస్తుంది. కురుక్షేత్రంలో ధర్మరాజు అందరి ముందూ నిలబడి, మా వైపు రావాలనుకునేవాళ్ళు రావచ్చని పిలిచినప్పుడు ధృతరాష్ట్రుడి కొడుకు యుయుత్సుడు ఒక్కడే నడిచి వచ్చాడు. యుద్ధం ముగిశాక ఆ తండ్రికి మిగిలిన కొడుకు అతనే. బాలచంద్రుడు స్నేహితుడు అనపోతు ప్రాణం కాపాడాలని ఏదో నెపంతో వెనక్కి పంపేశాడు. నిజం తెలిసిన అనపోతు ఆ ఉపకారాన్ని భరించలేక ప్రాణం తీసుకున్నాడు. పంతం కట్టిన మాటకు తానే లొంగిన కుర్రవాడు, స్నేహితుణ్ణి మాత్రం దాని నుంచి తప్పించాలని చూశాడు.

బొబ్బిలి విషయంలో ఓర్మ్ రాసిన ఒక చిన్న దృశ్యం ఉంది. ఊచకోత ముగుస్తుండగా ఒక ముసలివాడు ఒక చిన్న పిల్లవాడి చెయ్యి పట్టుకుని దూరం నుంచి నడిచి వచ్చాడు. అక్కడివాళ్ళు అతన్ని లా (Law) అనే ఫ్రెంచి అధికారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఇతను రంగారావు కొడుకు, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా నేను బతికించానని చెప్పి పిల్లవాణ్ణి అప్పగించాడు.

ఆ పిల్లవాడే చిన్న రంగారావు. పద్మనాభం యుద్ధం తరవాత, 1794లో బొబ్బిలి సంస్థానం మళ్ళీ అతని చేతికి వచ్చింది. ఆ ముసలివాడి పేరు మాత్రం ఓర్మ్ రాయలేదు.